కిరాయికి తీసుకున్న ఓడ

మా బాపు పనిచేసిన ఓడను నేనెప్పుడూ చూడలేదు. అయినా చిన్నప్పుడు దాన్ని మా ఇంటికంటే బాగా ఎరుగుదును. పొయ్యిలెన్నో, బొగ్గు ఎక్కడ పోస్తారో, చాయ్ డబ్బా ఏ నిచ్చెన మీదుగా కిందికి దిగుతుందో, గాలివానలో ఏ తలుపు దానంతట అదే కొట్టుకునేదో అన్నీ తెలుసు. సంగారెడ్డిలో పుట్టి పెరిగినవాణ్ణి, చెరువులో మోకాలి లోతు దాటి దిగనివాణ్ణి. ఒక సరుకుల స్టీమరు గురించి ఇంత తెలిసిందంటే కారణం బాపు ఏడాదికోసారి ఇచ్చే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఆపించింది నేను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను మంచివాడిగా కనిపించే చోటు ఇందులో ఒక్కటి కూడా లేదు, వెతక్కండి.

బాపుది కొండాపూర్ దిక్కు పల్లె. పెండ్లికి ముందు, వానలు లేని ఒక ఏడాది, మేనమామ వెంట బొంబాయి పోయి రేవులో బొగ్గు గంపలు మోశాడు. ఓడలకు కూలీలను కుదిర్చే పెద్దను అక్కడ సారంగు అంటారు. ఆ సారంగు ఒకరోజు బాపు భుజాలు చూసి స్టీమరు ఎక్కించాడు. మొదట బొగ్గు తవ్వి పొయ్యిల దాకా తెచ్చిపెట్టే పని. రెండేండ్ల తర్వాత చేతికి పార ఇచ్చి పొయ్యి ముందు నిలబెట్టారు. పొయ్యిలో బొగ్గు విసిరేవాణ్ణి ఓడ మీద ఆగ్‌వాలా అనేవాళ్లు. ఆ మాటను బాపు జమీందారు అన్నంత గొప్పగా పలికేవాడు.

అది దొరల కంపెనీ ఓడ. వయసులో బాపుకంటే పెద్దది. ఒకే పొగగొట్టం, తుప్పు మీద తుప్పు, దాని మీద నల్ల రంగు. బొంబాయి నుంచి పత్తి, పల్లీలు తీసుకుపోయేది. రంగూన్ నుంచి బియ్యం తెచ్చేది. మధ్యలో ఎవరేది ఎక్కిస్తే అది మోసేది. వేగం గురించి అడిగితే బాపు నవ్వేవాడు. "ఎద్దుల బండి సముద్రం మీద పోతే ఎట్ల పోతది, గట్లనే. సక్కదనం లేకుండె గని ఆకలి మస్తుండె దానికి" అనేవాడు. ఆ ఆకలి తీర్చడం ఆయన పని కాబట్టి, ఎంత తిన్నదో చెప్పేటప్పుడు ఆయన గొంతులో తల్లి ముద్దు కూడా ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడ రేవులో ఉండగా సర్కారు మనుషులు ఎక్కి ఒక కాగితం చదివారు. సారంగు దాన్ని హిందుస్తానీలో చెప్పాడు. ఈ ఓడను యుద్ధం అయిపోయేదాకా సర్కారు తీసుకుంటోంది, కంపెనీకి కిరాయి ముడుతుంది, పనివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే. వారం తిరక్కుండా నల్ల ఓడ బూడిద రంగు ఓడ అయింది. ముక్కు మీద రాసిన పేరు కూడా ఆ రంగు కిందికి పోయింది. వెనక ఒక పాత తోపు, అంటే ఫిరంగి, బిగించి ఇద్దరు సిపాయిలను దానికి కాపలా పెట్టారు. ఆ తోపును పేల్చి చూసిన రోజు వంటగదిలో పింగాణీ గిన్నెలన్నీ పగిలాయట, దుష్మన్‌కు మాత్రం ఏమీ కాలేదట. బాపు ఏటా ఈ మాట దగ్గర ఆగి, అందరూ నవ్వేదాకా చూసి, అప్పుడు ముందుకు పోయేవాడు.

అప్పటినుంచి ఆ ఓడ పని యుద్ధనౌకలకు సామాన్లు చేర్చడం. బొగ్గు, తాగే నీళ్లు, డబ్బాల్లో మాంసం, గుండ్లు, తాళ్లు, సబ్బులు, ఉత్తరాల సంచులు. ఏడెన్, ముంబాసా, సింహళం, బస్రా. యుద్ధనౌక ఎక్కడ ఆగి ఉంటే అక్కడికి పోయి దాని పక్కన ఆనుకుని నిలబడేది. పైనుంచి తెల్ల బట్టల సిపాయిలు చూస్తుంటే కింది నుంచి వీళ్లు మోసేవారు. "వాళ్లు కొట్లాడేటోళ్లు. మేము వాళ్ల కిరాణ దుకాణం" అనేవాడు బాపు. అందులో ఏడుపు లేదు. దుకాణం లేకపోతే కొట్లాట ఎన్ని రోజులు నడుస్తుందో ఆయనకు తెలుసు.

ఇక సాక్ష్యం సంగతి. మా క్రైస్తవ కుటుంబాల్లో కృతజ్ఞత కూటమని ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా పెద్ద గండం తప్పితే, ఏటా అదే రోజున పాస్టరుగారినీ ఇరుగుపొరుగునూ పిలుస్తారు. చాపలు పరుస్తారు. ఒక కీర్తన పాడి, ఒక వాక్యం చదివాక ఆ మనిషి లేచి నిలబడి, తనకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఎక్కువ చేసి చెప్పరాదు, తక్కువ చేసీ చెప్పరాదు. వింటున్నది ఇరుగుపొరుగే అయినా చెబుతున్నది దేవునికి. తర్వాత చాయ్, బూంది. మా ఇంట్లో ఆ కూటం జూన్ మొదటి వారంలో ఉండేది. బాపు అప్పుడు సంగారెడ్డిలో ఒక నూనె మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆ ఒక్కరోజు మాత్రం సెలవు పెట్టి, గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా తోముకుని, తెల్ల చొక్కా వేసుకునేవాడు.

ఆయన చెప్పేది ఇది. యుద్ధం మధ్యలో ఒకరోజు పగటిపూట, నడిసముద్రంలో, ఆయన డ్యూటీ వంతు వచ్చింది. కింద వేడికి పోబుద్ధి కాలేదు. సారంగు దగ్గరికి పోయి జ్వరమని అబద్ధం చెప్పాడు. ఆయనతో ఒకే పళ్లెంలో తినే జోడీ, మరాఠీ మనిషి, "నువ్వు పండు, నీ పార నేను పడతా" అని దిగిపోయాడు. బాపు పైన తాళ్ల చుట్టల పక్కన నీడన పడుకున్నాడు. కాసేపటికి ఓడ పొట్టకు టార్పెడో తగిలింది. బొగ్గు గది నిండుగా ఉండడంతో దెబ్బ సగం బొగ్గే తిన్నది, ఓడ మునగలేదు. కానీ పొయ్యిల గదిలోకి నీళ్లు, ఆవిరి ఒక్కసారే వచ్చాయి. కింద ఉన్న నలుగురిలో ఒక్కరూ పైకి రాలేదు. ఒరిగిన ఓడకు ఇంకో ఓడ తాడు కట్టి రేవుకు గుంజుకుపోయింది.

"నేను జరమొచ్చిందని అబద్ధమాడిన. నా పార ఆయన పట్టిండు. నేను సావాల్సిన జాగల ఆయన సచ్చిండు" అని చెప్పేవాడు బాపు. "దేవుడు నన్నెందుకు ఉంచిండో నాకు ఎర్కలేదు. మాఫ్ చెయ్యమని ఏడాదికోపారి మీ అందరి ముందట అడుగుత."

అంతే. కూర్చుని ముఖం తుడుచుకునేవాడు. అమ్మ చాయ్ ఇచ్చేది. ఏడాదంతా కొంచెం వంగి నడిచే మనిషి, ఆ తర్వాత కొన్నాళ్లు నిటారుగా నడిచేవాడు. ఇది నా ఊహ కాదు, అమ్మ కూడా అనేది.

ఆ ఓడను మరమ్మతు చేసి మళ్లీ సముద్రం మీదికి పంపారు. యుద్ధం అయ్యాక బూడిద రంగు గీకి నల్ల రంగు వేసి కంపెనీకి తిరిగి ఇచ్చేశారు. కంపెనీ దాన్ని ఒక సేటుకు అమ్మింది, ఆ సేటు ఇంకో సేటుకు. చివరికి ఉప్పు, సిమెంటు, కలకత్తా బొగ్గు మోసే ముసలి ఓడ అయింది. ఛాతీ పాడై బాపు దిగిపోయాక కూడా పదేళ్లు పైగా నడిచింది. నేను బడిలో ఉండగా, అరవైల్లో, పాత సారంగు ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. ఓడను బొంబాయిలో విరగ్గొట్టి ఇనుము అమ్ముకున్నారని. బాపు ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు దిక్కు తుక్కు ఇనుము లారీలు పోతుంటే, సంగారెడ్డి చౌరస్తాలో సైకిలు దిగి, టోపీ తీసి నిలబడి చూసేవాడు. "మందం రేకుంటే ఓడదేరా" అనేవాడు. పక్కన నిలబడాలంటే నాకు నామోషీగా ఉండేది. తుక్కు లారీకి టోపీ తీసేవాణ్ణి ఇంకెక్కడైనా చూశారా?

అసలు నాకు బాపు గురించి అన్నీ నామోషీయే. బడిలో నన్ను బొగ్గాయన కొడుకు అనేవాళ్లు. నూనె మిల్లు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. పదో తరగతి పాసై టైపు నేర్చుకుని, ఇంగ్లీషులో ఫారాలు నింపడం వచ్చాక నేనొక దొరనని అనుకున్నాను.

బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది పటాన్‌చెరులో ఒక పెద్ద కార్ఖానాలో గుమాస్తా ఉద్యోగాలు పడ్డాయి. ఏ యుద్ధంలోనైనా పనిచేసినవాళ్ల పిల్లలకు ముందు చూస్తామన్నారు. ఫారంలో తండ్రి కొలువు అని ఒక గడి ఉంది. నేను పెన్ను కొంచెం కూడా ఆపకుండా 'నేవీ' అని రాశాను. ఆ ఓడ నేవీ కోసమే పనిచేసింది కదా అని సమర్థించుకోవడం తర్వాత. రాసేటప్పుడు ఆ ఆలోచన కూడా లేదు. బొగ్గు అన్న మాట ఆ గడిలో ఉండకూడదు, అంతే.

కార్ఖానా సెక్యూరిటీ ఆఫీసరు నేవీలో చేసి రిటైరైన మనిషి, పంజాబీ. నా ఫారం చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. మీ నాన్న కాగితాలేవీ అన్నాడు. బాపుకు ఓడ నౌకరీ పుస్తకం ఉంది. ప్రతి పేజీలో ఓడ పేరు, పని పేరు, కప్తాను సంతకం. అది చూపిస్తే అయిపోతుంది నా పని. చెదలు తినేశాయన్నాను. ఆయన చాలా బాధపడ్డాడు. "కాగితం లేకపోతే ఏం, మనిషి ఉన్నాడు కదా. నేవీవాడి నోటిమాట నాకు చాలు. తీసుకురా" అన్నాడు హిందీలో.

ఆ మాట బాపుకు బస్సులో, పటాన్‌చెరు ఇంకో రెండు స్టాపులుందనగా చెప్పాను. ముందే చెబితే రాడని తెలుసు. నా తెలివితేటలు అలాంటివి.

"ఆయన అడిగితే నేవీ అని చెప్పు బాపూ."

"మన ఓడ నేవీది కాదు గదరా. నేవీకి సామాన్లు మోసింది."

"సర్కారు తీస్కున్నంక సర్కారుదే గదా?"

"కిరాయికి తీస్కున్నది. కిరాయికి దిగినోడు ఇంటాయన అయితడా ఏంది?"

"నీకు ఓడ ముఖ్యమా, నా నౌకరీ ముఖ్యమా?" అన్నాను. ముందు సీట్లో ఆమె తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. బాపు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆఫీసరు గదిలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. బాపు అంచు మీద కూర్చున్నాడు. మీ పుస్తకానికి చెదలు పట్టాయటగా, పర్వాలేదు, ఏ జహాజ్ అని అడిగాడు ఆఫీసరు. బాపు నా ముఖం చూశాడు. ఆ చూపు తిట్టలేదు, బతిమాలనూ లేదు. ఏం చెప్పమంటావు అని అడిగింది. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను. అప్పుడు బాపు ఒక యుద్ధనౌక పేరు చెప్పాడు. ముంబాసాలో తాము బొగ్గు చేర్చిన నౌక. దాని లోపల ఆయన ఎన్నడూ కాలు పెట్టలేదు, పొట్ట మాత్రమే చూశాడు. పనేమిటి అంటే, "ఆగ్‌వాలా" అన్నాడు. అదొక్కటీ నిజం.

ఆఫీసరు లేచి నిలబడి కాలు తట్టి సెల్యూట్ కొట్టాడు. నిజమైన నేవీ మనిషైతే తిరిగి సెల్యూట్ కొట్టాలి. బాపు గబుక్కున లేచి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆఫీసరు మాత్రం ఎంత వినయం అని మెచ్చుకుని ఆయన చేతులు పట్టుకున్నాడు. నాకు ఉద్యోగం వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాపు ఒక్కటే మాట అడిగాడు.

"నా కితాబుకు చెదలు పట్టినయా?"

నేను టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను. ఇంటికి రాగానే ఆయన ట్రంకుపెట్టె తెరిచి పుస్తకం తీసి, పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, మళ్లీ బట్టల అడుగున పెట్టేశాడు.

జూన్ వచ్చింది. కూటం మామూలుగానే పెట్టాం. అమ్మ బూంది చేసింది. మా సంఘంలో తర్వాత పెద్ద అయిన ఒకాయన అదే కార్ఖానాలో ఫోర్‌మన్, ఆ సంవత్సరమే సంగారెడ్డికి మారి వచ్చాడు. ఆయన కూడా వచ్చి ముందు చాప మీద కూర్చున్నాడు. కీర్తన అయింది, వాక్యం అయింది. బాపు లేచాడు. ఫోర్‌మన్ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. జరిగింది చెబితే నా నౌకరీ పోతుంది. నేవీ అని చెబితే దేవుని ముందు అబద్ధం. చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"దేవుడు మంచోడు" అని కూర్చున్నాడు.

అందరూ దుఃఖం ఆపుకోలేక మాట రాలేదనుకున్నారు. ఫోర్‌మన్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. నేను చాయ్ పంచాను. ఎవరికీ ఏమీ అనుమానం రాలేదని నాకు లోపల హాయిగా ఉండింది. ఆ హాయిని తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరుసటి ఏడాది జూన్‌లో అమ్మ శెనగపిండి తెప్పించాలా అని అడిగితే, "ఈసారి వద్దుతియ్" అన్నాడు బాపు. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆమె అడగలేదు. ఇంట్లో ఓడ మాట పోయింది. తోపు, పింగాణీ గిన్నెలు, బస్రా ఎండ, అన్నీ పోయాయి. చౌరస్తాలో సైకిలు దిగడం కూడా మానేశాడు. నా కొడుకు మాటలు నేర్చాక కథ చెప్పు తాతా అంటే నక్క కథ చెప్పేవాడు. నాకు బుద్ధి ఉంటే అప్పుడైనా, "బాపూ, నా నౌకరీ పోతే పోయింది, నువ్వు చెప్పు" అనాలి. ఆ మాట నాకు ప్రతి జూన్‌లోనూ నాలుక దాకా వచ్చేది. నెల జీతం గుర్తొచ్చి లోపలికి పోయేది. ఆగస్టు పదిహేనుకు కార్ఖానాలో జెండా దగ్గర పాత సిపాయిలను వరుసగా నిలబెట్టి పూలదండలు వేసేవాళ్లు. ఆఫీసరు ప్రతిసారీ బాపును పిలిచేవాడు. రెండుసార్లు నేను తీసుకుపోయాను కూడా. దండ మెడలో పడుతుంటే బాపు కళ్లు మూసుకునేవాడు.

డెబ్భైలు చివరికి వచ్చాయి. బాపు ఛాతీ పూర్తిగా చెడింది. ఓడ బొగ్గు, మిల్లు బొగ్గు కలిసి లోపల గడ్డకట్టాయన్నాడు డాక్టరు. మంచం దిగలేని రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక, పాస్టరుగారు ఆయనకు ప్రభువు బల్ల, అంటే ప్రార్థించిన రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వడానికి ఇంటికొచ్చారు. రొట్టె, గిన్నె పట్టుకుని వెంట వచ్చింది ఆ ఫోర్‌మనే. అప్పటికి నన్ను స్టోర్స్‌లో సూపర్‌వైజర్ చేయాలని ఆయనే పైకి రాశాడు. ఉత్తర్వు ఆ నెలలోనో పై నెలలోనో రావాలి.

రొట్టె విరిచే ముందు పాస్టరుగారు మంచం మీదికి వంగి, "అయ్యా, మీ మనసుల ఏమన్న ఉంటే దేవునికి చెప్పుకోండి. మేమున్నం, ఇంటం" అన్నారు.

బాపు కళ్లు తెరిచాడు. పాస్టరు వైపు కాదు, నా వైపు చూశాడు. గొంతులో పిల్లికూతల మధ్య నుంచి మాట వచ్చింది.

"చెప్పనా బిడ్డా?"

నన్ను సెలవు అడిగాడు. దేవునికి తన పాపం చెప్పుకోవడానికి మా బాపు నన్ను సెలవు అడిగాడు. గదిలో అమ్మ ఉంది, పాస్టరు ఉన్నారు, గిన్నె పట్టుకుని ఫోర్‌మన్ ఉన్నాడు. నాకు కనిపించింది ఫోర్‌మన్ ఒక్కడే.

"ఇప్పుడు ఆయాసపడకు బాపూ. జెర నెమ్మదైనంక చెప్దువు గని" అన్నాను.

"మంచిది" అన్నాడు. నోరు తెరిచి రొట్టె తీసుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. మంగళవారం పొద్దున పోయాడు.

సమాధి దగ్గరికి కార్ఖానా నుంచి పెద్ద పూలచక్రం వచ్చింది. వెంట ఆఫీసరు కూడా వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక రెండు మాటలు చెబుతానని ముందుకొచ్చాడు. ఆ యుద్ధనౌక పేరు చెప్పి, ఈయన దాని మీద దేశదేశాల సముద్రాల్లో పోరాడిన వీరుడు అన్నాడు. ఇలాంటి నిజాయితీపరుణ్ణి తాను చూడలేదన్నాడు. ఏటా బాపు సాక్ష్యం విన్న పాతవాళ్లు తల వంచుకున్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తోంది. ఆఫీసరు పెట్టె వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. సంఘమంతా ఆమెన్ అన్నది.

నేను కూడా అన్నాను. ఆఫీసరుకు వినబడేంత గట్టిగా అన్నాను.